నడుము దాంక మనిషి

మూడో నెలల మెడ నిలిచింది.
అంతకు ముందు నా భుజం మీద
తల నిండు కుండ లెక్క ఒలికేది.
మా అమ్మ అండాలు అరచెయ్యి అడ్డం పెట్టి
"మెడ పైలం, మెడ పైలం" అనుకుంట
నా ఎనక ఇల్లంత తిరిగేది.

ఐదో నెలల ఒక పొద్దు
కుడిచెయ్యి తన కిందనే ఇరికిచ్చుకొని
బోర్ల పడ్డది.
ఎట్ల తీసుకోవాల్నో ఎరుక లేక ఏడ్సింది.
నేను లేవబోతే సునంద ఆపింది.
"ఆగు, దానిది అదే గుంజుకుంటది."
జానెడు బట్ట నేసినంత సేపు అనిపిచ్చింది నాకు.
చెయ్యి బయటికొచ్చింది, ఎర్రగ,
ఎవలిదో అన్నట్టు
దాన్ని చానసేపు చూసుకున్నది.
ఆ రోజు బొబ్బట్లు చేసినం. తిన్నది మేమే.

ఆనెంక పొట్ట మీద తిరుగుడు,
గడియారం ముల్లు తీరు.
ముందుకు పోదామని చూసేది,
ఎనకకు పోయేది.
కండెల బుట్ట అందకుండ దూరమయితుంటే
బుట్టను తిట్టినట్టు మూలిగేది.

ఎనిమిదో నెలల అంగన్‌వాడి కళమ్మ టీచర్
మా గట్టుప్పల గల్లిలకు చార్టు పట్టుకొచ్చింది.
చార్టుల పిల్ల మోకాళ్ల మీద అంబాడుతున్నది, నవ్వుకుంట.
మా హన్విక అంబాడలే.
(ఆ పేరు మా అమ్మకు నోరు తిరగదు, "అన్నిక" అంటది.)
కూసున్న కాడి నుంచే
ఒక కాలు మడిచి, ఇంకో కాలు తెడ్డేసి
పిర్రల మీద దేకుతది,
అంగీలు ఎనక దిక్కే చినుగుతయి.
ఖాళీ డబ్బా మీద కళమ్మ పెన్ను ఆగింది.
"కొందరు అంబాడనే అంబాడరు, పర్వాలేదు.
పై నెలల ఒకసారి నల్లగొండ తీస్కపోయి చూపియ్యుండ్రి."
పర్వాలేదన్న మాటల
'లేదు' ఒక్కటే
ఆ రాత్రంత ఇనబడ్డది.

మా బామ్మర్ది మూడు గిర్కల బండి తెచ్చిండు.
దాన్ని బోర్లేసి
గిర్క తిప్పుకుంట కూసున్నది.

వేళ్లకు మాత్రం తొందర.
నేల మీద పోగు తునక, నా కంటికే ఆనదు,
బొటనవేలు చూపుడువేలు కలిపి
చిటికిల పట్టి లేపుతది,
లేపి నోట్లె ఏసుకుంటది.
ముప్పై ఏండ్లు చిటికి కట్టిన మా అమ్మ
ఆ రెండు వేళ్లను చూసి
"ఈ పట్టు నేర్వకే తల్లి" అన్నది.
అని, మళ్ల ఇంకో పోగు తనే ముంగట ఏసింది.

నాకొకటి తట్టింది, ఎవలికీ చెప్పలే.
పొద్దంత మగ్గం గుంతల కాళ్లు ఇడిసి కూసుంట.
నేను నడిచే యాల్లకు బిడ్డ నిద్రల ఉంటది.
దానికి నేను
నడుము దాంక మనిషిని.
కిందిదంత భూమి.
మనుషులంటే గిట్లనే కూసోని
చేతులు ఆడిస్తరనుకున్నదేమో.

పదకొండో నెల, ముసురు పట్టిన పగలు,
ఆ కొసకు పడుగు పోగు తెగింది.
అతుకుదామని గుంతల నుంచి లేశిన.
నా పాదాల కాడ ఆగింది.
ఏలు ముట్టింది, మడిమ ముట్టింది,
పిక్క మీది నరాన్ని గిల్లి చూసింది.
తలకాయ ఎత్తి ఎత్తి, ఎనకకు పడేటంత ఎత్తి,
నేను ఏడ అయిపోతనో చూసింది.
ఇగ లుంగి పట్టింది.
గుంజింది.
లేశింది.

నా చేతుల నాడె.
కింద పెడ్దామని వంగితే బిడ్డ పడతది.
తిమ్మిరెక్కిన నా కాళ్లు, దాని కాళ్లు,
నాలుగూ వణికినయి.
సునందను పిలుద్దామంటే
నోరు లేవలే.

మెత్తగ కూలబడ్డది,
ఏం కానట్టే దేక్కుంట పోయింది.
తొమ్మిది రోజులు మళ్ల లేవలే.
పదో రోజు మగ్గం గుంజ పట్టింది.

ఇప్పుడు గుంతకు మూత కావాలె.
వడ్ల సోమయ్య టేపు పట్టి అడుగుతడు,
"నీ కాళ్లకు ఎంత సందు ఇడువాలె?"
నేను దిగి చూపెడుతుంట.
అది అంచు కాడికి దేక్కుంటొచ్చి
నా కాళ్లు ఏడికి పోయినయో అని
వంగి చూస్తది.